వరిగ గింజంత తక్కువ

చైనాలో మూడో శతాబ్దంలో, జిన్ వంశపు రాజుల కాలంలో, షున్ షూ అనే పెద్ద అధికారి ఉండేవాడు. ఆస్థాన సంగీతానికి శ్రుతులు సరిచేసే బాధ్యత ఆయనది. అప్పట్లో శ్రుతికి ఆధారం ఒక గొట్టం. గొట్టం పొడవుని కొలబద్దతో కొలిచి కోస్తారు. కొలబద్ద పొట్టిదైతే గొట్టం పొట్టిదవుతుంది, శ్రుతి పైకి పోతుంది. షున్ షూ తాను సరైనదనుకున్న కొలబద్దతో అన్నీ సరిచేశాడు. కొలువులో వాద్యాలు మోగితే అందరూ అద్భుతం అన్నారు. ఒక్క రువాన్ షియెన్ మాత్రం ఏమీ అనలేదు. ఆయన గొప్ప వైణికుడు, ఆయన పేరుతో ఇప్పటికీ అక్కడ ఒక తంత్రీవాద్యం ఉంది. ఆయన చెవికి ఎక్కడో తేడాగా వినిపించింది. మెచ్చుకోనందుకు షున్ షూకి కోపం వచ్చి ఆయన్ని దూరంగా ఓ ఊరికి అధికారిగా పంపించేశాడు. కొన్నాళ్ళకి పొలం దున్నుతున్న ఒక రైతుకి జేడ్ రాతి కొలబద్ద ఒకటి దొరికింది. అంతకు ఎన్నో వందల ఏళ్ళ కిందటి జౌ రాజుల నాటిది, దేశానికంతటికీ ప్రమాణంగా ఉండిన బద్ద. దాన్ని పెట్టి చూసుకుంటే షున్ షూ చేయించిన గంటలు, డోళ్ళు, రాతిపలకలు, తీగలు, వేణువులు అన్నీ ఒక్క గింజంత తక్కువ వచ్చాయి. వరిగ గింజంత.

ఐదో శతాబ్దంలో ల్యూ యీచింగ్ కూర్పుగా పేరున్న ‘షి షువో షిన్ యు’ అనే చిన్న కథల సంపుటిలో ఉంది ఈ కథ. 1976లో రిచర్డ్ మేథర్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో చదివాను. గింజ ఎందుకంటే, వాళ్ళ లెక్కలో పక్కపక్కనే పేర్చిన తొంభై వరిగ గింజల వెడల్పు మూలశ్రుతి గొట్టం పొడవు. మన దగ్గర జొన్న, కొర్ర, వరిగ పండే చేలల్లో తిరిగినదాన్ని కాబట్టి ఆ గింజ ఎంతుంటుందో నాకు తెలుసు. దాన్ని అరచేతిలో పెట్టుకుంటే బరువు కూడా తెలియదు.

కథ చదివిన రాత్రి నాకు నా పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు కొలబద్దల గురించి కొంచెం చెప్పాలి.

పాత చైనా కొలబద్దల్లో చెక్కడపు పని చేసినవి చాలా అందంగా ఉంటాయి. జపాన్‌లోని నారాలో షోసోయిన్ భాండాగారంలో ఎనిమిదో శతాబ్దపు దంతపు బద్దలున్నాయి. ఎర్రరంగు, పచ్చరంగు వేసి, ఆ రంగు మీద పూలూ పక్షులూ చెక్కారు. వాటితో ఎవరూ గుడ్డ కొలిచి ఉండరు. తాంగ్ చక్రవర్తులు వసంతంలో మంత్రులకి బద్దల్ని బహుమతిగా ఇచ్చేవాళ్ళు. న్యాయంగా కొలవండి అని ఇచ్చారా, కొలిచే హక్కు నీకిస్తున్నాను అని ఇచ్చారా? రెండూ ఒకటి కాదు కదా. మనం ఫోటోలో చూసి అబ్బురపడే ఆ నగిషీ అంతా రెండో అర్థాన్నే చెప్తుందని నాకనిపిస్తుంది. దొర చేతిలో వెండిపొన్ను కర్రకీ, గొర్రెలకాపరి చేతికర్రకీ ఉన్న తేడా అది.

కానీ ఆ బద్దలన్నిటికంటే నన్ను ఎక్కువ పట్టుకున్నది ఒక మాట. సుమారు క్రీ.శ. 100లో షూ షెన్ అనే పండితుడు చేసిన ‘షువో వెన్ జియె జి’ అనే నిఘంటువు ఉంది. పాత కొలతలన్నీ మనిషి శరీరం నుంచే వచ్చాయని చెప్తాడాయన. అడుగు లాంటి కొలతకి వాళ్ళ పేరు ‘చి’. (దీర్ఘం తీసి రాస్తే తెలుగులో ఇంకో అర్థం వస్తుంది కనుక పొట్టిగానే రాస్తున్నాను.) పది అంగుళాల్లాంటి పది ‘త్సున్’లు ఒక చి. దాని పక్కనే ఇంకో కొలత ఉంది, దాని పేరు ‘జి’. ఎనిమిది త్సున్‌లు. ఎక్కడి నుంచి వచ్చిందంటే, మధ్యరకం ఒడ్డూపొడుగూ ఉన్న ఆడమనిషి చెయ్యి పొడవు అంటాడు. ఆడవాళ్ళ చెయ్యి ఒకప్పుడు కొలత. నిఘంటువుకెక్కిన కొలత.

తర్వాత ఏమైంది? జేడ్ మీదా దంతం మీదా ఇత్తడి మీదా చెక్కింది చినే. జి ఒక జాతీయంలో మిగిలింది, ‘జి-చి’ అంటే చాలా దగ్గర అని. పదుల లెక్కలో ఎనిమిది ఇమడదు కాబట్టి జారిపోయి ఉంటుందని నేననుకుంటాను. కుట్ర ఏమీ అక్కర్లేదు, సౌకర్యం చాలు. అదే నిఘంటువులో పురుషుడు అన్న మాటకి వివరణ చూడండి. పది చిలు ఒక ‘జాంగ్’, నిలువెత్తు మనిషి కొలత, అందుకే మగవాడు ‘జాంగ్‌ఫు’. ఈనాటి చైనీస్‌లో ఆ మాటకి భర్త అని అర్థం. భర్త అన్న మాటలోనే కొలబద్ద ఉంది.

మన దగ్గరా అంతే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అంగుళం అంటే ఎనిమిది యవల గింజల మధ్యభాగం, లేదా మధ్యమ పురుషుడి నడిమివేలు నడిమి వెడల్పు. మధ్యమ పురుష అంటే వ్యాకరణంలో ‘నువ్వు’ అని చదువుకున్నాం. ఇక్కడ ఆ నువ్వు నేను కాదు. 1975లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ వాళ్ళు ‘రిఫరెన్స్ మాన్’ అని ఒకణ్ణి తయారుచేశారు. ఇరవై ముప్పై ఏళ్ళ మధ్య తెల్లవాడు, 70 కిలోలు, 170 సెంటీమీటర్లు. కౌటిల్యుడి మధ్యమ పురుషుడికి వారసుడే. బీడీ పొగాకు దుమ్ము మధ్య నలభై ఏళ్ళు కూచున్న, 40 కిలోలు దాటని కోరుట్ల ఆడమనిషి అతని లెక్కలో ఎక్కడ పడుతుందో మనమే వెతుక్కోవాలి.

కాకపోతే ఆడవాళ్ళ చేతి కొలతలు మన దగ్గర చచ్చిపోలేదు. చిటికెడు, చారెడు, పిడికెడు, దోసెడు. మా అమ్మని పచ్చడిలో ఉప్పు ఎంత అంటే చెయ్యి చూపిస్తుంది. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర పూలమ్మే ఆమె మూర వేస్తుంది, మోచేతి నుంచి వేలి కొస దాకా. కొనడానికొచ్చినవాళ్ళు “నీ మూర శాన పొట్టిగున్నదమ్మా” అంటారు. ఆమె “మా అవ్వ గింతే కన్నది, నేనేం జెయ్యాలె” అని, నవ్వుతూ ఇంకో నాలుగు మొగ్గలు వదులుతుంది. ఆ నాలుగు మొగ్గలు ఏ తూనికలూ కొలతల చట్టంలోనూ లేవు.

ఇదంతా చదివి “కొలబద్దలు మగవాళ్ళవి, మన చేతులు మనవి” అని రాసెయ్యొచ్చు. రెండేళ్ళ కిందట అయితే నేను రాసేసేదాన్నే. కానీ అలా తేలదు.

మా అమ్మమ్మ చెప్పేది. దొర ఇంట్లో రెండు మానికలుండేవట. కూలికి గింజలు పోసే మానిక ఒకటి, అప్పిచ్చిన గింజలు తిరిగి తీసుకునే మానిక ఇంకోటి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉండేవి, అడుగు మందంలో తేడా. ఏ మానిక ఏదో పాలేరుకీ తెలుసు, దొరకీ తెలుసు, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. 1956 చట్టంతో, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ కొలతలు వచ్చి, సేరూ మానికా పోయి కిలో వచ్చినప్పుడు, దాంట్లో దేశానికి ఒకే కొలత అన్న ప్రభుత్వపు గొప్ప తప్ప ఇంకేమీ లేదని పట్నంలో కూచుని అనుకోవచ్చు. కూలి తెచ్చుకునే ఆడమనిషికి ముద్ర వేసిన ఇనుపరాయి ఒక సాక్షి. దాని ముందు కనీసం గొంతు పెంచొచ్చు. చేతి కొలతలో ఉన్న మమకారం గురించి మాట్లాడేటప్పుడు, ఆ చెయ్యి ఎవరిదన్నది మర్చిపోకూడదు. దొరసానిదీ ఆడచెయ్యే.

పాత ఆదిలాబాద్ జిల్లాలో, ఖానాపూర్ వైపు, మా చిన్నమ్మ ఉంటుంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద 2006 ఫిబ్రవరిలో పని మొదలైన తొలి విడత జిల్లాల్లో ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. చిన్నమ్మ ఎన్నో ఎండాకాలాలు ఆ పనికి పోయింది. అంతకుముందు వ్యవసాయకూలీలో మగవాళ్ళకి ఎక్కువ, ఆడవాళ్ళకి తక్కువ. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చిందంటే చిన్నమ్మ “ఏడొచ్చింది?” అంటుంది. ఉపాధి పనిలో మాత్రం గుంత కొలిచారు. పొడవు, వెడల్పు, లోతు. “టేపుకు ఆడ మొగ ఎర్కనా బిడ్డా?” అందామె. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో కనిపించిన తృప్తిని నా సిద్ధాంతాల కోసం తక్కువ చెయ్యలేను. ఎవరి ఒళ్ళూ కాని కొలత, ఎవరి ముఖమూ చూడని కొలత, ఆమెకి జీవితంలో మొదటిసారి మగవాడితో సమానమైన కూలి తెచ్చిపెట్టింది.

మళ్ళీ ఆమే ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ గ్రూపులో అరవై దాటిన ముసలామె ఒకరు, బాలింత ఒకరు. గడ్డపార వేస్తే నిప్పు రాలే మొరం నేల. ఆ ఇద్దరి వంతు మట్టి మిగతావాళ్ళు తవ్వి పోశారు. “కొలిచెటోనికి గుంతే కనవడ్తది గని ఎవల తట్ట ఎవలు మోసిన్రో కనవడ్తదా?” కొలతల పుస్తకంలో అందరి పేర్ల పక్కనా సమానంగా పడింది. అంటే టేపు సమానంగా కొలవగలిగింది ఆ ఆడవాళ్ళు తమలో తాము అసమానంగా పంచుకున్నందుకే. వాళ్ళు పంచుకున్న లెక్క చిటికెడు, పిడికెడు జాతికి చెందినది. రెండు కొలతలూ ఒకే గుంతలో ఉన్నాయి. ఒకటి రాతకెక్కింది, ఒకటి ఎక్కలేదు. నైతికంగా ఏది మెరుగైంది అని అడిగితే నేను జవాబు చెప్పలేను. చిన్నమ్మని అడిగితే రెండూ కావాలంటుంది.

ఇప్పుడు బీడీల దగ్గరికి వస్తాను.

బీడీ ఆకు ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలంలో పుడుతుంది. తునికాకు కోసి యాభై ఆకులకి ఒక కట్ట కట్టి, కల్లంలో కల్లేదారుకి లెక్క అప్పజెప్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. కట్టకి ఇన్ని పైసలు అన్న దాని కోసం ఎనభైల్లో ఆ అడవుల్లో ఎంత పోరాటం జరిగిందో మన పాఠకులకి చెప్పక్కర్లేదు. అక్కడ ఆకు లెక్క మీద పోతుంది. అదే ఆకు కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్ళకి చేరేసరికి తూకం మీద వస్తుంది. ఇన్ని బీడీలకి ఇంత ఆకు, ఇంత తంబాకు అని తూచి ఇస్తారు. తిరిగి తీసుకునేది మాత్రం మళ్ళీ లెక్క మీద. చిల్లులు పడ్డ ఆకూ, ఎండి విరిగిపోయే ఆకూ తూకంలో తూగుతాయి, బీడీ కావు. తగ్గిన ఆకుని ఆడవాళ్ళే కొనుక్కుని లెక్క పూర్తిచేస్తారు. అమ్మమ్మ చెప్పిన రెండు మానికలు ఎక్కడికీ పోలేదనిపిస్తుంది.

ఆకుని కత్తిరించడానికి ఒక ఇనుప రేకు ముక్క ఉంటుంది, దీర్ఘచతురస్రంగా. తడిపిన ఆకు మీద ఆ రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పుతారు. దాని మీద పూలూ పక్షులూ లేవు. ఏళ్ళ తరబడి బొటనవేలు ఆనిన చోట మాత్రం నున్నగా మెరుస్తూ ఉంటుంది. చుట్టిన బీడీలు కంపెనీకి తీసుకెళ్తే పొట్టిదనీ, వదులుదనీ, లావుదనీ ఏరి పక్కన పడేస్తారు. 1966 బీడీ, చుట్ట కార్మికుల చట్టంలో ఇలా తీసేసిన బీడీల మీద వచ్చే తగాదాల కోసమే ఒక సెక్షన్ పెట్టాల్సి వచ్చిందంటే, ఈ ఏరివేత ఎంత మామూలు విషయమో ఊహించండి. పక్కన పడేసిన బీడీని ఆమె చేతికి తిరిగిస్తారా లేదా అన్నది వేరే సంగతి.

మా చిన్నమ్మ గుంత మీద పెట్టిన టేపూ కొలతే, ఈ రేకూ కొలతే. టేపు దగ్గర ఆమె నిలబడి చూసింది, “ఇంకోపాలి కొలువు సారూ” అనగలిగింది. ఏరివేత దగ్గర అలా అన్నామెకి మర్నాడు ఆకు రాదు. రువాన్ షియెన్ కొలువులో నోరు విప్పి తప్పని కూడా అనలేదు, మెచ్చుకోకుండా ఊరుకున్నాడంతే.

ఇక నా తప్పు సంగతి.

2014లో, ఫీల్డ్ వర్క్ చేస్తున్నప్పుడు, కోరుట్ల దగ్గర ఒక వాడలో ఒక పెద్దామె పాటలు రికార్డు చేసుకున్నాను. పేరు రాయను, వాడంతా పిలిచినట్టే పెద్దవ్వ అంటాను. చేటలో ఆకూ తంబాకూ పెట్టుకుని, బీడీలు చేస్తూ పాడేది. ఆమె మొహం చూస్తే పాట ఆపేస్తుందేమోనని నేను కొంచెం వెనక్కి, గడప దగ్గర కూచునేదాన్ని. రికార్డర్ ఆమె పక్కన పెట్టేదాన్ని. హాస్టల్‌కి తిరిగొచ్చాక విని రాసుకుని, మాత్రలు లెక్కపెట్టేదాన్ని. నాలుగేసి మాత్రల నడక. పాదానికి పదహారు. ఒక పెద్ద పాటలో ప్రతి మూడో పాదమూ పన్నెండు మాత్రల దగ్గర ఆగిపోయింది. పన్నెండుసార్లు విన్నాను, పన్నెండుసార్లూ నాలుగు తక్కువ.

థీసిస్‌లో ఏం రాశానో ఇప్పుడు చూసుకుంటే చేతులు చల్లబడతాయి. “గాయని నిరక్షరాస్యత వల్ల ఛందోభంగాలు తరచుగా కనిపిస్తాయి” అని రాశాను. అంతటితో ఆగలేదు. అనుబంధంలో పాటని అచ్చువేసేటప్పుడు ఆ లోపం బాగుండదని ప్రతి మూడో పాదం చివరా ‘వలలో’ అని చేర్చాను. సరిగ్గా నాలుగు మాత్రలు. మన పాటల్లో ఉండే మాటే కదా, అతికినట్టు కుదిరింది. నేను చేర్చానని తెలియజేసే కుండలీకరణాలు కూడా పెట్టలేదు. వైవాలో అందరూ పాఠం శుద్ధంగా ఉందన్నారు.

జేడ్ బద్ద కథ చదివిన తర్వాత పెద్దవ్వ ఇంటికి పోయాను. బీడీలు మానేసి అయిదేళ్ళయిందట, చూపు తగ్గింది. అనుబంధం చదివి వినిపించాను. మూడో పాదం రాగానే చెయ్యి అడ్డం పెట్టింది. “గిదేంది? గిది నాది గాదు.”

పాత రికార్డింగులో లాగా ఒకసారి పాడమన్నాను. గోడకి చేరగిలబడి, ఖాళీ చేతులతో పాడింది. కుదరలేదు. ఎక్కడ ఆగాలో ఆమెకే తెలియలేదు. విసుక్కుని కోడలిని పిలిచి రెండు ఆకులూ దారమూ తెప్పించుకుంది. చూపు ఆనని కళ్ళతో ఆకు చుట్టడం మొదలుపెట్టి, పాట ఎత్తుకుంది. ఒక పాదానికి ఆకు చేతికొచ్చింది, రెండో పాదానికి తంబాకు నింపి చుట్టింది, మూడో పాదంలో పన్నెండో మాత్ర దగ్గర గొంతు ఆగింది. వేళ్ళు దారం చుట్టాయి, ఒక చుట్టు, రెండు చుట్లు, ముడి. మళ్ళీ పాట. నాలుగు మాత్రలూ ఉన్నాయి. పూర్తిగా ఉన్నాయి. అవి చేతిలో ఉన్నాయి.

“దారం సుట్టెటప్పుడు పాట ఆగాలె బిడ్డా. మనసు ఒక్కటే ఉంటది. ఒక్కటి వదులైతే అవుతల పడేస్తరాయె” అంది. పదేళ్ళ కిందట గడప దగ్గర కూచుని నేను విన్నది పాటలో సగం. మిగతా సగం చూడాల్సింది. కంపెనీ పెట్టిన రేకుకి సరిపోయే బీడీ కోసం ఆమె తన పాటనే కొలిచి కత్తిరించుకుంది. ఆ కత్తిరింపునే లోపం అన్నాను. బీడీని ఏరి పక్కన పడేసినవాడు ఆమె పనిని మాత్రమే చూశాడు, నేను పాటని మాత్రమే చూశాను.

నాకింకో అనుమానం వదలడం లేదు. నేను ‘వలలో’ చేర్చకుండా, లోపం అని రాయకుండా, ఉన్నదున్నట్టు పన్నెండు మాత్రలే అచ్చువేసి ఉంటే సరిపోయేదా? అప్పుడు ఖాళీ ఖాళీగానే కనిపించేది. చదివినవాళ్ళు దాన్ని ‘జానపద సహజత్వం’ అని మెచ్చుకునేవాళ్ళు. పూలమ్మే ఆమె మూరని చూసి ముచ్చటపడ్డట్టు. మెచ్చుకోవడం కూడా వినడం కాదు. ఛందస్సునే అవతల పారేద్దామా అంటే, మాత్రలు లెక్కపెట్టకపోతే ఆ నాలుగు తగ్గాయని నాకసలు తెలిసేదే కాదు. కొలత పుణ్యానే ఖాళీ దొరికింది. దొరికాక దాన్ని ఏం చెయ్యాలన్న దగ్గర నేను షున్ షూ పని చేశాను.

కథలో షున్ షూకి చివర్లో ఒక మంచి ఉంది. రైతు బద్దతో తన వాద్యాలన్నిటినీ తానే కొలిపించుకున్నాడు, రువాన్ షియెన్ చెవి గొప్పదని ఒప్పుకున్నాడు. దూరంగా పంపించినవాణ్ణి వెనక్కి పిలిపించాడని మాత్రం కథ చెప్పదు. బద్ద దొరికిన రైతు పేరు కూడా చెప్పదు.

మొన్న యూనివర్సిటీ లైబ్రరీకి పోయాను. నా థీసిస్ మీద నంబరు వేసి, నల్ల అట్ట కట్టి పెట్టారు. ముగ్గురు దాన్ని రెఫరెన్స్‌గా వాడుకున్నారని నాకు తెలుసు, అందులో ఒకమ్మాయి ఆ పాటనే, ‘వలలో’తో సహా ఎత్తి రాసింది. ఆమెకి ఉత్తరం రాశాను. లైబ్రరీ పుస్తకంలో గీతలు గీయకూడదని నేనే పిల్లలకి చెప్తుంటాను. అనుబంధం తెరిచి, పెన్సిల్‌తో, పన్నెండు చోట్ల ‘వలలో’ మీద అడ్డగీత కొట్టి, పక్కన చిన్నగా ‘దారం ముడి, నాలుగు మాత్రలు’ అని రాసి, పుస్తకం అరలో పెట్టేసి వచ్చాను.